స్పోకెన్ ఇంగ్లీషు వస్తే చాలదా, రాయడం, దిద్దుకోవడం ఎందుకు?

తమ్ముడూ, హనుమకొండలో తెలుగు మీడియం డిగ్రీ చదువుతున్నానన్నావు. స్పోకెన్ కోర్సు చేస్తే చాలదా, రాసింది దిద్దుకుంటూ కూర్చుంటే ఉద్యోగంలో ఏం ఒరుగుతుందని అడిగావు. నాదీ తెలుగు మీడియమే. మాట్లాడటం నన్ను ఇంటర్వ్యూ దాటించింది, అంతవరకు నిజమే. ఉద్యోగంలో నాకు విలువ తెచ్చింది మాత్రం రాతే.

ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక మిర్చి వ్యాపారి ఆఫీసులో ఉత్తర ప్రత్యుత్తరాలు చూస్తాను. తేజ రకం కొనే బయటి రాష్ట్రాల పార్టీలకు తెలుగు రాదు, అంతా ఇంగ్లీషు మెయిళ్లలోనే. ఒకసారి సరుకులో తేమ ఎక్కువుందని ఒక పార్టీ పేమెంటు ఆపింది. జవాబు మొదటి డ్రాఫ్టు పేజీ నిండా వచ్చింది: మన పాత సంబంధం, మా నిజాయితీ, అన్నీ ఉన్నాయి. లారీ నంబరు ఆఖరి పేరాలో ఉంది. రాత్రికి పక్కన పెట్టి, పొద్దున కొన్న మనిషిని నేనే అనుకుని చదివాను. అతనికి కావాల్సింది ఏ లాటు, ఎన్ని బస్తాలు, లోడింగ్ రోజు తేమ శాతం ఎంత, ఇప్పుడు మేం ఏం చేద్దామంటున్నాం అన్నదే. అవి పైకి తెచ్చి, తేమ రిపోర్టు జత చేసి, ఇద్దరికీ సమ్మతమైన ల్యాబులో మళ్లీ శాంపిల్ చూపిద్దామని రాశాను. మిగతాదంతా కొట్టేశాను. శాంపిల్ తీశారు, తగాదా తేలింది, డబ్బులొచ్చాయి. అప్పటినుంచి చిక్కు ఉత్తరాలన్నీ నా టేబుల్ మీదికే వస్తాయి.

పోటీ పరీక్షలు రాసే ఆలోచన ఉంటే ఇంకా అవసరం. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీషు మార్కులు ర్యాంకులో కలవవు, కానీ అందులో క్వాలిఫై కాకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు.

దిద్దడం తెలుగుకూ అంతే పనికొస్తుంది. సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు తెలుగులోనే పెట్టొచ్చు. మా ఊరి చెరువు పనుల మీద బాబాయి "నాసిరకంగా ఎందుకు చేశారు?" అని రాసుకొచ్చాడు. అలా అడిగితే ఇది సమాచారం కిందికి రాదని తిప్పి పంపేస్తారు. కూర్చుని "ఆ పని ఎస్టిమేట్, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), చెల్లించిన బిల్లుల నకళ్లు ఇవ్వండి" అని మార్చాం. అవి ఆఫీసు ఫైల్లో ఉండే కాగితాలు, వాటికి 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇంగ్లీషులో దిద్దేటప్పుడు ముందు విషయం వరస చూడు, తర్వాత క్రియలు, చివరికి స్పెల్లింగు. స్పెల్లింగుతో మొదలుపెడితే రేపు కొట్టేసే వాక్యానికి ఈరోజు ముస్తాబు చేసినట్టవుతుంది. ప్రతి వాక్యంలో కర్తకూ క్రియకూ కింద గీత గియ్యి. రెండూ మరీ దూరంగా పడితే వాక్యాన్ని విడగొట్టు. మనవాళ్ల తప్పులు చాలావరకు అక్కడే దొరుకుతాయి. ఆ తర్వాత పైకి చదువు, నాలుక తడబడిన చోట మళ్లీ రాయి.

కోర్సు వద్దనను. ఫీజు కట్టేముందు మాత్రం, రాసినదాన్ని ఎవరైనా దిద్ది ఇస్తారా అని అడుగు. దిద్ది ఇవ్వరని తేలితే మీ కాలేజీ ఇంగ్లీషు లెక్చరర్‌కు ఒక పేరా చూపించు, ఆయన చెప్పినట్టు మార్చి మళ్లీ పట్టుకెళ్లు. అలా రెండోసారి వచ్చిన విద్యార్థిని కాదన్న సారు నాకైతే ఇంతవరకు కనపడలేదు.