ఐటీఐలో చేరితే బీటెక్ దారి మూసుకుపోదు

ప్రశ్న: మాది విడవలూరు మండలం, రొయ్యల గుంటలు చేస్తాం. మా అబ్బాయి పది పాసయ్యాడు. గుంటల్లో నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ మోటార్లు విప్పి బిగించడమంటే వాడికి ప్రాణం. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌లో చేరతానంటున్నాడు. వాళ్ల మేనమామేమో ‘ఐటీఐ అంటే అక్కడితో సరి, ఇంటర్‌లో వేయండి, ఇంజినీరవుతాడు’ అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఏళ్లు లెక్కేద్దాం. ఇంటర్ 2, బీటెక్ 4, మొత్తం ఆరేళ్లు. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు. అది పాసై, డిప్లొమాకు సిద్ధం చేసే చిన్న బ్రిడ్జి కోర్సు చేస్తే పాలిటెక్నిక్ డిప్లొమాలో నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. అక్కడ రెండేళ్లు. తర్వాత డిప్లొమా వాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్‌లో ర్యాంకు వస్తే బీటెక్ రెండో ఏడాదిలో సీటు, ఇంకో మూడేళ్లు. అంతా కలిపి ఏడు. పెరిగేది ఒక్క ఏడాదే. మధ్యలో ఎక్కడ ఆగాల్సి వచ్చినా చేతిలో సర్టిఫికెట్టూ ఉంటుంది, పనీ ఉంటుంది. గుంట దెబ్బతిన్న ఏడాది ఫీజు కట్టడం ఎంత కష్టమో మీకు తెలుసు.

అసలు చిక్కు లెక్కల దగ్గర. ఐటీఐ చదివి నా దగ్గరకొచ్చిన ఒక కుర్రాడు ఏ మోటారుకు ఎన్ని చుట్లు చుట్టాలో తడుముకోకుండా చెప్పేవాడు. డిప్లొమాలో చేరిన మొదటి వారమే మాత్రికలు చూసి బెంబేలెత్తి ఇంటికొచ్చేశాడు. తెలివి లేక కాదు, రెండేళ్లు లెక్కల పుస్తకం ముట్టలేదు. ఆ అబ్బాయిని తలుచుకుంటే నాకిప్పటికీ బాధగా ఉంటుంది. ఈసెట్‌లో 200 మార్కులకు 50 లెక్కలవే. అందుకని ఐటీఐలో చేరిన రోజు నుంచే రోజుకో గంట బీజగణితం, త్రికోణమితి చేయించండి. ఊళ్లో ఇంటర్ లెక్కలు చెప్పే మాస్టారు ఉంటే వారానికి రెండు రోజులైనా పంపండి.

కేంద్ర ప్రభుత్వ శిక్షణ విభాగం డీజీటీ గుర్తింపు (ఇదివరకు ఎన్‌సీవీటీ గుర్తింపు అనేవారు) ఉన్న ఐటీఐలోనే చేర్చండి. చేర్చేముందు వర్క్‌షాపు లోపలికి వెళ్లి చూడండి. బల్లల మీద విప్పిన మోటార్లు, పిల్లల చేతులకు గ్రీజు మరకలు కనిపించాలి. తాళం వేసి ఉంటే వెనక్కి వచ్చేయండి.

ఇంజినీరింగ్ వద్దనుకుంటే ఐటీఐ తర్వాత స్టైపెండ్ వచ్చే అప్రెంటిస్‌షిప్ చేస్తూనే ఓపెన్ స్కూల్లో ఇంటర్, ఆపైన దూరవిద్యలో డిగ్రీ చదవొచ్చు.

ఒక్క మాట. పదిలో వాడికి లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో మీరు రాయలేదు. బాగా వచ్చి, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ కూడా రాసి ఉంటే నేను పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్‌కే ఓటేస్తాను. డిప్లొమా మూడేళ్లు, బీటెక్ మూడేళ్లు, ఆరేళ్లలో అయిపోతుంది. ఈ ఆదివారం పదో తరగతి త్రికోణమితి అధ్యాయం వాడి ముందు పెట్టండి. ఎవరినీ అడగకుండా ఎన్ని లెక్కలు చేశాడో నాకు రాయండి.