కొత్తగా పళ్ల క్లినిక్ పెడుతున్న నీకు, ఎక్స్‌రే తీశాక మిగిలే చెత్త గురించి

తల్లీ,

సొంతంగా క్లినిక్ పెడుతున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. చైర్ ఎటు తిప్పి వేయాలి, కంప్రెసర్ ఎక్కడ పెట్టాలి అని అడిగావు కదా, అవన్నీ ఫోన్‌లో మాట్లాడుకుందాం. ఈ ఉత్తరం నువ్వు అడగని దాని గురించి, అంటే ఎక్స్‌రే చెత్త గురించి. మన చదువులో ఎక్స్‌రే ఎలా తీయాలో, ఎలా చదవాలో గట్టిగా నేర్పుతారు గానీ తీశాక మిగిలింది ఎటు పోతుందో పెద్దగా ఎవరూ చెప్పరు. సూదులన్నా రక్తం అంటిన దూదన్నా అందరికీ జాగ్రత్త ఉంది, పాదరసం మీద మినమాటా ఒప్పందం 2013లో కుదిరి 2017లో అమల్లోకి వచ్చాక అమాల్గమ్ (పుచ్చు పళ్లలో నింపే పాదరసం మిశ్రమం) గురించి కూడా బాగానే మాట్లాడుకుంటున్నాం, సీసం వెండి మాత్రం ఎందుకో మనవాళ్లకి గుర్తే రావు. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

ముందు ఒక అపోహ తీసేసుకో. ఎక్స్‌రే వేస్ట్ అనగానే చాలామంది రేడియేషన్ అనుకుంటారు. తీసేసిన ఫిల్మ్‌లో గానీ వాడిన ఫిక్సర్‌లో (ఫిల్మ్ మీద బొమ్మ చెరగకుండా నిలిపే ద్రవం) గానీ రేడియేషన్ ఏమీ ఉండదు, మెషీన్ ఆగిన క్షణానే ఎక్స్‌రేలు కూడా ఆగిపోతాయి. కానీ రేడియేషన్ లేదు కదా అని ధీమాగా అంతా సింక్‌లో పోసేవాళ్లు ఉంటారు చూడు, అసలు చిక్కు వాళ్లతోనే. ఇక్కడ ప్రమాదం కెమికల్స్‌తో, లోహాలతో.

పేషెంట్ నోట్లో పెట్టి ఎక్స్‌రే తీసే ఫిల్మ్ ప్యాకెట్ ఒకటి తీసుకుని నెమ్మదిగా విప్పి చూడు. పెద్దవాళ్లకి వాడే సైజ్ 2 అయితే 31 × 41 మిల్లీమీటర్లు, అంతే. పైన ప్లాస్టిక్ కవర్, లోపల నల్ల కాగితం, ఆ కాగితంలో ఫిల్మ్, వెనకవైపు పల్చటి సీసం రేకు, మనం లెడ్ ఫాయిల్ అంటామే అది. ఫిల్మ్ దాటి వెళ్లిన కిరణాలు వెనక నుంచి చెదిరి మళ్లీ ఫిల్మ్ మీద పడి మసక చేయకుండా అది ఆపుతుంది. పొరపాటున ప్యాకెట్ తిరగేసి పెడితే ఆ రేకు మీది గీతలే ఫిల్మ్ మీద అచ్చుపడతాయి, అది నీకు తెలిసిందే. పని అయ్యాక ఆ రేకు ఏమవుతుంది? డార్క్‌రూమ్‌లో, అంటే ఫిల్మ్ కడిగే చీకటి గదిలో, అసిస్టెంట్ ప్యాకెట్ విప్పి, ఉమ్ము అంటింది కాబట్టి మొత్తం కలిపి బయోమెడికల్ సంచిలో పడేస్తాడు, ఆ సంచిని కాల్చేస్తే సీసం బూడిదలోకీ పొగలోకీ చేరుతుంది, మామూలు చెత్తలో వేస్తే డంపింగ్ యార్డ్ నుంచి నేలలోకీ నీళ్లలోకీ దిగుతుంది. సీసానికి ఇంతవరకు హాని లేదనే స్థాయి అంటూ ఏదీ తేలలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది, అన్నిటికంటే ఎక్కువ దెబ్బ పసిపిల్లల మెదడు మీద. రోజుకి ఎన్ని ఫిల్ములు తీస్తావో అన్ని రేకులు, అది మర్చిపోకు.

కాబట్టి విడదీయడం అనేది ప్యాకెట్ విప్పే ఆ క్షణంలోనే జరగాలి, కలిసిపోయాక ఎవరూ కూర్చుని ఏరరు. ప్యాకెట్ పైభాగం ముందు డిస్ఇన్ఫెక్టెంట్‌తో తుడవమను, కవర్ చించి ఫిల్మ్, రేకు చేతికి తగలకుండా శుభ్రమైన టిష్యూ మీద పడేలా చేయమను, తర్వాత గ్లోవ్స్ తీసేసి ఫిల్మ్ ప్రాసెస్ చేసుకోవచ్చు. ప్యాకెట్ చిరగకపోతే లోపలి రేకుకి ఉమ్ము అంటదు, దాన్ని నేరుగా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేయాలి. డబ్బా చీకట్లో చేయి చాపితే అందే చోట ఉండాలి, బయట గదిలో పెడితే ఒక్కరూ వేయరు. మీద పెద్ద అక్షరాలతో లెడ్ అని రాయించు. దాన్ని అమాల్గమ్ డబ్బాలో మాత్రం కలపొద్దు, రెండూ రెండు దారుల్లో వెళ్లాలి. రేకులు పట్టుకున్నాక చేతులు కడుక్కోవడం కూడా అసిస్టెంట్‌కి అలవాటు చేయి.

ఇంక ఫిక్సర్. కొత్త ఫిక్సర్‌లో వెండి ఉండదు, వాడేకొద్దీ ఫిల్మ్ మీద కాంతి తగలని చోట మిగిలిన వెండి లవణాలన్నీ అందులో కరుగుతాయి, అందుకే అది డ్రెయిన్‌లోకి పోకూడదు. వెండి సూక్ష్మజీవుల్ని చంపుతుంది, నీటిలో బతికే ప్రాణులకి మంచిది కాదు, మురుగునీటిని శుభ్రం చేసే ప్లాంట్లు నడిచేదే ఆ సూక్ష్మజీవుల మీద. కరెంటు పెట్టి గానీ స్టీల్ ఉన్ని కాట్రిడ్జ్ గుండా పంపి గానీ వెండిని తిరిగి తీయొచ్చు, అయితే చిన్న క్లినిక్‌కి ఆ పరికరాలు అనవసరం, మూత బిగిసే ప్లాస్టిక్ క్యాన్‌లో పోసి తేదీ రాసి అనుమతి ఉన్న రీసైక్లర్‌కి ఇస్తే చాలు. వెండి ఆశతో ఎవరెవరో వచ్చి అడుగుతారు, వెండి తీశాక మిగిలిన నీళ్లు ఎక్కడ పోస్తారని అడుగు, సమాధానం చెప్పలేకపోతే ఇవ్వకు.

డెవలపర్‌ని, అంటే ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే ద్రవాన్ని, ఫిక్సర్‌లో కలపొద్దు. ఒకటి క్షారం ఒకటి ఆమ్లం, కలిస్తే అమ్మోనియా లాంటి ఘాటు వాయువులు రావొచ్చు, వెండి తీయడం కూడా కష్టమవుతుంది. డెవలపర్‌లో హైడ్రోక్వినోన్ అనే హానికర రసాయనం ఉంటుంది, అది కూడా సింక్‌లో పోసేది కాదు, దానికి వేరే క్యాన్.

పాత ఫిల్ముల్లోనూ వెండి ఉంటుంది, డేట్ అయిపోయి డెవలప్ చేయనివాటిలో ఇంకా ఎక్కువ. రికార్డులు ఉంచాల్సిన గడువు దాటాకే తీయి, పేషెంట్ పేర్లు బయటికి పోకుండా చూసుకో. ఎవరైనా సీసం పూత ఉన్న పాత ఫిల్మ్ పెట్టె ఇస్తానంటే వద్దను, అందులో సీసం తెల్లటి పొడిలా రాలి ఫిల్మ్ ప్యాకెట్లకి అంటుకుంటుంది, ఆ ప్యాకెట్టే మళ్లీ పేషెంట్ నోట్లోకి వెళ్తుంది. ఎక్స్‌రే కిరణాలు తగలకుండా పేషెంట్‌కి కప్పే లెడ్ ఏప్రన్ పగుళ్లు వస్తే అది కూడా చెత్తలో వేసేది కాదు, కంపెనీ తిరిగి తీసుకుంటుందేమో కనుక్కో, లేదంటే సీసం రీసైక్లర్‌కి ఇవ్వు.

ఆర్వీజీ, అంటే ఫిల్మ్ లేకుండా సెన్సార్‌తో కంప్యూటర్‌లో ఎక్స్‌రే చూపించేది, కొంటే ఈ గొడవ చాలా తగ్గుతుంది, చేతిలో డబ్బుంటే మొదటే కొను. సెన్సార్ మీద వేసే ప్లాస్టిక్ తొడుగు మాత్రం ఉమ్ము అంటిన చెత్తే, పాడైన సెన్సార్ ఈ-వేస్ట్. మెషీన్ మార్చే రోజు వచ్చినప్పుడు పాతది అలాగే తుక్కు వాడికి ఇవ్వకు, ఎక్స్‌రేలు పుట్టే ట్యూబ్ హెడ్‌లో సీసం ఉంటుంది, నూనె ఉంటుంది, లైసెన్స్ ఇచ్చినవాళ్లకి తెలియజేసి పనిచేయకుండా చేయించాకే బయటికి పంపాలి.

వేస్ట్ ఏజెన్సీవాళ్లు అగ్రిమెంట్ తెస్తారు కదా, సూదులు, దూది, గ్లోవ్స్ అని ఉంటే సరిపోయిందనుకుని సంతకం పెట్టేయకు, లెడ్ ఫాయిల్, ఫిక్సర్, డెవలపర్, పాత ఫిల్ములు అందులో ఉన్నాయో లేదో చూడు. లేకపోతే వాటిని తీసుకునేది ఎవరో వాళ్లనే అడుగు, తీసుకెళ్లిన ప్రతిసారీ రసీదు ఇప్పించుకుని ఫైల్‌లో పెట్టు.