మా వాడి పేరు కొడితే ఇంకెవరో వస్తున్నారు

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా వాడు సైదులు హైదరాబాద్‌లో బీటెక్ సీఎస్ఈ ఈ ఏడాదే పూర్తి చేశాడు. ఒక కంపెనీ ఆఫర్ ఇచ్చింది, వెరిఫికేషన్ నడుస్తోందట. మొన్న మా బావమరిది ఫోన్లో మా వాడి పేరు, ఇంటిపేరు కొట్టి చూస్తే పదిమంది వచ్చారు. ఒకాయన అమెరికాలో పెద్ద ఇంజినీరు. ఇంకొకాయన మీద చెక్ బౌన్స్ కేసు ఉంది. మా వాడు మాత్రం ఎక్కడా లేడు. ఆ కేసు మా వాడిదే అని కంపెనీ వాళ్లు అనుకుంటే ఏం చేయాలి సార్? గెజెట్‌లో పేరు మార్పించమని ఒకరు చెప్తున్నారు. 30 వేలు కట్టి పర్సనల్ బ్రాండింగ్ కోర్సులో చేర్చమని ఇంకొకరు. రెంటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి. ఈమధ్యే మా పెద్దమ్మాయికి వచ్చిన సంబంధం కూడా అబ్బాయి పేరు మీద ఏదో కేసు కనిపిస్తే వదులుకున్నాం. అందుకే ఇంత భయం.

జవాబు: అన్నా, ఇట్లాంటి ఉత్తరం నాకు ఏడాదికి నాలుగైదు వస్తాయి. నల్లగొండలో కూర్చుని పిల్లలకు సలహాలు చెప్పేవాడికి పేర్ల గొడవ తప్పదు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్న ఇంట్లో పుడితే సైదులు, ఆడపిల్లయితే సైదమ్మ. గుట్ట నరసింహస్వామికి మొక్కుకుంటే యాదగిరి, యాదయ్య. పెద్దగట్టు లింగమంతుల పేరున లింగయ్యలు. పాలమూరు వైపు పోతే కురుమూర్తులు, కురుమయ్యలు. ఊరికి పది ఇంటిపేర్లు, అందరి మొక్కులూ ఆ నాలుగు దేవుళ్లకే. మీ వాడి పేరు కొడితే పదిమందే వచ్చారంటే తక్కువే వచ్చారు.

ముందు కంపెనీ సంగతి. వెరిఫికేషన్ చేసేవాళ్లు మీ బావమరిదిలా ఫోన్లో పేరు కొట్టి నిర్ణయం తీసుకోరు. మీ వాడి చేత ఇప్పటికే ఒక ఫారం నింపించుకుని ఉంటారు. అందులో మీ పేరు, వాడి పుట్టిన తేదీ, ఇప్పుడుంటున్న అడ్రసు, సొంతూరి అడ్రసు ఉంటాయి. మెమోల మీదున్న హాల్‌టికెట్ నంబర్లు పట్టుకుని బోర్డునూ యూనివర్సిటీనీ అడుగుతారు. కోర్టు రికార్డు చూసేటప్పుడు మాత్రం పేరుతోనే మొదలుపెడతారు, అది నిజం. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్లో పార్టీ పేరుతో వెతికే వీలుంది. మీ బావమరిదికి కనిపించిందే వాళ్లకూ కనిపిస్తుంది. తేడా ఏమిటంటే, వాళ్లు అక్కడ ఆగరు. కోర్టు కాగితంలో ఉత్త పేరు ఉండదు. ఫలానా వారి కొడుకు, వయసు ఇంత, చేసే పని ఇది, ఉండే ఊరు ఇది అని ఉంటుంది. మన తాతలు పట్టా కాగితంలో పేరు పక్కన తండ్రి పేరు రాయించుకున్నదీ ఇందుకే కదా.

అయినా అనుమానం వచ్చిందనుకుందాం. మీ వాడికే మెయిల్ పెట్టి అడుగుతారు. అప్పుడు తండ్రి పేరు, పుట్టిన తేదీ, అడ్రసు వేరని చూపించి, ఆ కేసులో ఉన్నది నేను కాదని ఒక అఫిడవిట్ ఇస్తే సరి. మరీ పట్టుబడితే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఇంకొకరి కేసు వల్ల ఆఫర్ పోయినవాడు ఒక్కడూ లేడు. మరి ఆఫర్లు పోయినవాళ్లు లేరా అంటే ఉన్నారు. కన్సల్టెన్సీలో డబ్బులు కట్టి రెండేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకున్నవాళ్లు, తప్పిన సబ్జెక్టులు (బ్యాక్‌లాగ్) దాచినవాళ్లు. మీ వాడు ఆ రెండు పనులూ చేయకపోతే నిద్రపోండి.

ఒక్క పేరుతో వందలమంది ఉంటారని ప్రతి వృత్తికీ ఎప్పుడో తెలుసు. అందుకే ఎవరి ఏర్పాటు వాళ్లు చేసుకున్నారు. జాతీయ వైద్య కమిషన్ రిజిస్టర్లో ఏదైనా మామూలు పేరు కొట్టి చూడండి, పేజీలకు పేజీలు వస్తాయి. కానీ ప్రతి డాక్టరు పేరు పక్కనా తండ్రి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఏ రాష్ట్ర కౌన్సిల్లో ఏ సంవత్సరం నమోదయ్యారన్నది ఉంటుంది. లాయరుకు బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు. చార్టర్డ్ అకౌంటెంటుకు మెంబర్‌షిప్ నంబరు. కంపెనీ డైరెక్టరుకు డిన్ అనే 8 అంకెల నంబరు. పరిశోధన చేసేవాళ్లకైతే ఈ తిప్పలు ఇంకా ఎక్కువ. ఒకరి వ్యాసాలు ఇంకొకరి ఖాతాలో పడుతుంటాయి. 2012లో ఓర్కిడ్ అని 16 అక్షరాల గుర్తింపు మొదలైంది ఇందుకోసమే. దానికి పైసా కట్టక్కర్లేదు. మీ వాడు రేపు ఎంటెక్, పీహెచ్‌డీ అంటే మొదటి వ్యాసం రాయకముందే తీసుకోమనండి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి కౌన్సిల్ లేదు, లైసెన్సు లేదు. వాడికి రికార్డు అంటే ప్రావిడెంట్ ఫండ్ వాళ్లిచ్చే 12 అంకెల యూఏఎన్. ఎక్కడ చేరాడో, ఎప్పుడు మానేశాడో మొత్తం దాని కిందకే వస్తుంది. ఆ నంబరు ఉద్యోగంతో పాటు మారదు. అమెరికాలో ఉన్న ఆ సైదులుకు యూఏఎన్ ఉన్నా అది వేరు, మీ సైదులుది వేరు. మీ వాడి పాన్ కార్డు ఒకసారి చూడండి. ఐదో అక్షరం వాడి ఇంటిపేరు మొదటి అక్షరమే అయి ఉంటుంది. ఇంటిపేరు గడిలో సైదులు అని రాశారా, అయితే అక్కడ 'ఎస్' ఉంటుంది. అప్పుడు వేరే పని మొదలవుతుంది.

ఎందుకంటే నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పక్కవాడి పేరు వల్ల వచ్చినవి కావు. తన పేరే నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉండటం వల్ల వచ్చినవి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరమే, అదీ పేరు చివర. బ్యాంకులో అక్షరం ముందుకు పోతుంది. స్పెల్లింగులో ఒకచోట 'ఐ', ఇంకొకచోట 'వై'. ఆధార్‌తో పేరు కలవకపోతే యూఏఎన్ దగ్గరే ఆగిపోతుంది. తర్వాత దిద్దించుకోవడం అదో పని. పాస్‌పోర్టు ఇంకా జాగ్రత్త. మనవాళ్లు చాలామంది ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకే గడిలో రాస్తారు. అమెరికా వీసా మీద అప్పుడు అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది, పేరు తెలియదని దాని అర్థం. యూఏఈ 2022 నవంబర్‌లో పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వడం ఆపింది, రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే తర్వాత ఒప్పుకుంది. పదిమంది సైదులు ఉన్నారని ఆగిపోయినవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

మెమోల విషయంలో ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కింద ఒక కాలేజీలో ఇద్దరు వెంకటేశ్‌లుండేవాళ్లు. ఒకే బ్రాంచి, ఇంటిపేరు మొదటి అక్షరం కూడా ఒకటే. ఆఫీసులో ఒకరి ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఇంకొకరి చేతిలో పెట్టారు. ఇద్దరూ పేరు చూసుకుని సంతకం చేసి తీసుకుపోయారు. హాల్‌టికెట్ నంబరు ఎవరూ చూడలేదు. బెంగళూరులో ఉద్యోగంలో చేరిన రోజు గానీ బయటపడలేదు. అందులో ఒకతను నన్నడిగే ఆ కాలేజీలో చేరాడు, కాబట్టి రాత్రి పదకొండింటికి ఫోన్ నాకే వచ్చింది. అప్పటినుంచి నేను పిల్లలకు చెప్పేది ఒకటే. కాగితం చేతికి రాగానే ముందు నంబరు చూసుకో, తర్వాత పేరు.

ఇక మీ రెండు దారులు. గెజెట్‌కు అఫిడవిట్, పేపర్లో ప్రకటన, తర్వాత ప్రచురణ. ఆ పని అయ్యేదే. కానీ గెజెట్ వచ్చినంత మాత్రాన పదో తరగతి మెమో దానంతట అది మారదు. పాత పేరుతో మెమోలు, కొత్త పేరుతో ఆధార్, రెంటికీ మధ్య వంతెనలా ఆ గెజెట్ కాపీని మీ వాడు రిటైరయ్యేదాకా మోయాలి. వెరిఫికేషన్ నడుస్తుండగా పేరు మార్చడం అంటే లేని అనుమానాన్ని పిలిచి కూర్చోబెట్టుకున్నట్టే. స్పెల్లింగ్ తప్పులుంటే దిద్దించండి, పేరు మాత్రం కదిలించకండి. పైగా మొక్కుకుని పెట్టుకున్న పేరు!

బ్రాండింగ్ కోర్సు గురించి నాకు కొంచెం కోపం ఉంది, దాచుకోను. ఆ కోపంలో సగం నా మీదే. కొన్నేళ్ల కింద ఇట్లాంటి కోర్సొకటి కొత్తగా వచ్చినప్పుడు నేనే ఇద్దరు పిల్లలకు చేరమని చెప్పాను. మూడు నెలలు ఏం నేర్పారంటే ఫొటో ఎట్లా దిగాలి, పేరు కింద ఏం రాయాలి, రోజుకొక పోస్టు ఎట్లా పెట్టాలి. ఇద్దరిలో ఒకమ్మాయి చాలా బాగా కోడ్ రాసేది. కోర్సు తర్వాత కోడ్ తగ్గింది, పోస్టులు పెరిగాయి. ప్రతి ఆదివారం లైకులు లెక్కపెట్టుకుని నాకు చెప్పేది. ఇంటర్వ్యూలో మాత్రం ఆ పోస్టుల గురించి ఎవరూ అడగలేదట. ఇద్దరికీ తర్వాత ఉద్యోగాలొచ్చాయి. అది ఆ కోర్సు వల్లనే అని మాత్రం నేను చెప్పలేను.

లింక్డ్‌ఇన్ వద్దని కాదు. ఒక ప్రొఫైల్ ఉండాలి, దానికి ఒక సాయంత్రం చాలు. మెమోలో ఉన్నట్టే పూర్తి పేరు, కాలేజీ, పాసైన సంవత్సరం, చేసిన ప్రాజెక్టు, ఊరు. లింకు చివర ఇంటిపేరు కలిపి తనకు తాను పెట్టుకోవచ్చు. గిట్‌హబ్ అని ప్రోగ్రాములు పెట్టుకునే సైటుంది, అందులో వాడు నిజంగా రాసినవి ఉంటే ఆ లింకు కూడా. ఇంతకు మించి ఎవరికీ 30 వేలు ఇవ్వాల్సిన పని లేదు. ఒక సంగతి గుర్తుంచుకోండి. లింక్డ్‌ఇన్ అంటే ఎవరి గురించి వాళ్లు రాసుకున్నది. మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్ లాంటిది కాదు. అమెరికా సైదులు పెద్ద ఇంజినీరే అయి ఉండొచ్చు, నేను కాదనను. కానీ అది ఆయన చెప్పుకున్న మాటే. దాన్ని పట్టుకుని మీరు మీ కొడుకును తూచడం నాకు నచ్చలేదు.

అవును, తూచారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కేసు గురించి రెండు వాక్యాలు రాశారు. "మా వాడు మాత్రం ఎక్కడా లేడు" అన్న దగ్గరే మీ ప్రాణం ఉంది. ఇరవై రెండేళ్ల పిల్లవాడు ఎక్కడుంటాడు అన్నా? ఇంకా మొదటి జీతం తీసుకోలేదు. ఆ అమెరికా ఆయన ఇరవై రెండో ఏట గూగుల్‌లో ఉన్నాడా? మీ ఊరి నుంచి బీటెక్ పూర్తి చేసి, చేతిలో ఆఫర్ పెట్టుకుని కూర్చున్న పిల్లవాణ్ణి పట్టుకుని, ఫోన్లో కనిపించడం లేదని దిగులు పడుతున్నారు. ఈ మాట వాడి ముందు అనకండి. ఇప్పటికే అనుంటే, ఈ ఆదివారం ఇంటికి పిలిచి భోజనం పెట్టండి.

వాడి చేత ఈ వారంలో చేయించాల్సింది కొంచెమే. పదో తరగతి మెమో ముందు పెట్టుకుని, ఆధార్, పాన్, బ్యాంకు, పాస్‌పోర్టు ఉంటే అదీ, ఒక్కో అక్షరం సరిచూసుకోమనండి. తేడా ఉన్నవి చేరకముందే దిద్దించుకోవాలి, అన్నీ మెమో ప్రకారమే. డిజిలాకర్‌లో వచ్చే మెమోలు దింపి పెట్టుకోవాలి. కంపెనీ నుంచి ఏదైనా ప్రశ్న వస్తే ఆ రోజే జవాబు ఇవ్వాలి. ఆలస్యం చేస్తేనే అనుమానం పెరుగుతుంది.

చివరికి మీరు ఊరికే అన్నట్టు రాసిన సంబంధం సంగతి. నాకు అది మింగుడు పడలేదు. రేపు మీ కొడుకుకు ఎక్కడ జరుగుతుందోనని వణుకుతున్న పని, నిన్న ఇంకొకరి కొడుకుకు మీ చేతులతో చేశారు. అబ్బాయి పేరు కొట్టారు, కేసు కనిపించింది, వద్దన్నారు. ఆ కేసులో తండ్రి పేరు ఏముందో చూశారా? ఊరు ఏదో చూశారా? వాళ్లను ఒక్కమాట అడిగారా? మీ ఉత్తరంలో "ఏదో కేసు" అనే రాశారు, ఏ కేసో కూడా రాయలేదు. ఆ కాగితం ఇప్పుడైనా తెరిచి మొదటి పేజీ చదవండి. అబ్బాయి వాళ్ల నాన్న నంబరు ఇంకా మీ దగ్గరే ఉండాలి.