ఆయిల్ ఫిల్టర్ మార్చబోయే మా చిన్నోడికి

చిన్నా,

ఈసారి ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ నువ్వే మార్చుకుంటానన్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ ఈ ఉత్తరం పూర్తిగా చదివాకే బండి కిందకి దూరు.

ఏదీ విప్పకముందే ఫిల్టర్ ఎక్కడుందో చూసుకో. చాలా బండ్లలో అది ఇంజన్ బ్లాక్ పక్కనో అడుగునో బిగించిన చిన్న రేకు డబ్బా. పైనుంచి టార్చి వేస్తే కనపడకపోతే కిందనుంచి చూడు, అడుగున ప్లాస్టిక్ కవర్ ఉంటే అది తీస్తే గానీ కనపడదు. కొన్ని ఇంజన్లకి రేకు డబ్బా ఉండదు, నల్లటి ప్లాస్టిక్ మూత ఉంటుంది, దాని లోపల మడతలు మడతలుగా కాగితం ఫిల్టర్. కొన్ని ఆటోమేటిక్ బండ్లలో గేర్‌బాక్సుకీ అచ్చం ఇలాంటి డబ్బానే బయట ఉంటుంది కాబట్టి అనుమానం వస్తే బండితో ఇచ్చిన పుస్తకం చూడు, ఊహించి మాత్రం విప్పకు.

ఇంజన్‌ని ఐదు నిమిషాలు నడిపి ఆపు. గోరువెచ్చని ఆయిల్ తేలిగ్గా దిగుతుంది, మరీ కాగితే చెయ్యి కాలుతుంది. బండిని ఒక్క జాకీ మీద నిలబెట్టి కిందకి దూరావంటే నేను ఊరుకోను. చదును నేల, హ్యాండ్‌బ్రేక్, చక్రాలకి అడ్డు, స్టాండ్లు, ఇవన్నీ ఉంటేనే పని మొదలుపెట్టు.

ముందు ఇంజన్ అడుగున ఆయిల్ దించడానికుండే డ్రెయిన్ బోల్టు విప్పి పాత ఆయిల్ దించు, తిరిగి బిగించేటప్పుడు కొత్త వాషర్ వెయ్యి. తర్వాత ఫిల్టర్ కింద ట్రే పెట్టి నెమ్మదిగా తిప్పు, అంచునుంచి ఆయిల్ కారడం మొదలవగానే ఆగి, ధార తగ్గాక పూర్తిగా తియ్యి.

ఇక్కడే జాగ్రత్త. పాత ఫిల్టర్ రబ్బరు రింగు దాంతోపాటే వచ్చిందా, ఇంజన్‌కే అతుక్కుపోయిందా చూడు. నల్లటి ఆయిల్‌లో నల్లటి రింగు, కంటికి ఆనదు, వేలితో తడిమి చూడాలి. ఒకసారి నేను చూడకుండా దానిమీదే కొత్తది బిగించాను. స్టార్ట్ చేసిన కాసేపటికే రెండు రింగుల మధ్యనుంచి ఆయిల్ చిమ్మింది. వెంటనే ఆపాను కాబట్టి ఇంజన్ బతికింది, అదే రోడ్డు మీద అయితే ఆయిలంతా పోయి ఇంజన్ పట్టేసేది.

గుడ్డతో ఆ చోటు శుభ్రంగా తుడిచి, కొత్త రింగుకి వేలితో కొంచెం కొత్త ఆయిల్ రాయి. పొడిగా బిగిస్తే రింగు మెలిపడుతుంది. చేత్తోనే తిప్పు, మర వంకరగా ఎక్కకూడదు. రింగు ఇంజన్‌కి ఆనాక ఇంకో ముప్పావు చుట్టు చాలు, ఫిల్టర్ మీద వేరే కొలత ఉంటే అదే పాటించు. రెంచి విప్పడానికే, బిగించడానికి కాదు. ప్లాస్టిక్ మూత రకమైతే మూత రింగు కూడా మార్చి, చెప్పిన కొలతకే బిగించు, బలం చూపిస్తే మూత పగులుతుంది.

కొత్త ఆయిల్ పుస్తకంలో రాసిన దానికంటే కాస్త తక్కువే పోసి స్టార్ట్ చెయ్యి. ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి, ఆరకపోతే వెంటనే ఆపు. ఒకట్రెండు నిమిషాలు నడిపి ఫిల్టర్ చుట్టూ తడి ఉందేమో చూడు. ఆపేసి పది నిమిషాలాగి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూసి మిగతాది పొయ్యి. పాత ఆయిల్ కాలవలో పోయకు, డబ్బాలో పట్టి వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇచ్చెయ్యి.

రాత్రికి బండి కింద అట్టముక్క వేసి ఉంచు. పొద్దున దానిమీద ఒక్క చుక్క కనపడినా బండి తియ్యకుండా నాకు ఫోన్ చెయ్యి.