టెక్ సందేహాలు: అమ్మాయి గొంతు వినగానే చాట్‌లో బూతులా?

ప్రశ్న: యూట్యూబ్‌లో గేమింగ్ లైవ్ పెడుతున్నాను. నా గొంతు విన్న పది నిమిషాల్లోనే చాట్‌లో బూతులు మొదలవుతున్నాయి. ఒకరిని బ్లాక్ చేస్తే ఇంకో పేరుతో వస్తున్నారు. వాయిస్ ఛేంజర్ వాడమంటున్నారు. వాడనా?

వద్దు. దానివల్ల మాట కాస్త ఆలస్యంగా వెళ్తుంది, మీరు చెప్పేది జట్టులోవాళ్లకు సరిగా అర్థం కాదు. ఒక్కరోజు ఆన్ చేయడం మరిచిపోతే చాలు, ఇన్నాళ్ల శ్రమ వృథా. ఒక్కొక్కరినీ బ్లాక్ చేస్తూ పోయినా ఓడిపోయేది మీరే. కొత్త ఖాతా తెరవడం అవతలివాడికి నిమిషాల పని. అందుకే కట్టడి గుమ్మం దగ్గరే పెట్టాలి.

లైవ్ కంట్రోల్ రూమ్‌లో (యూట్యూబ్‌లో లైవ్‌ను నడిపే పేజీ) ఎడిట్ నొక్కి, చాట్‌లో ఎవరు రాయొచ్చన్న చోట 'సబ్‌స్క్రైబర్స్' ఎంచుకోండి. సబ్‌స్క్రైబ్ చేసి కనీసం ఎంతసేపయి ఉండాలో కూడా అక్కడే పెట్టొచ్చు. ఒక రోజు పెట్టారంటే అప్పటికప్పుడు పుట్టిన ఖాతా ఆ లైవ్‌లో నోరెత్తలేదు. కొత్తగా వచ్చిన మంచివాళ్లూ ఆగాల్సి వస్తుంది, ఆ నష్టం తప్పదు. ఒక్కొక్కరి సందేశాల మధ్య విరామం పెట్టే స్లో మోడ్‌ను 30 సెకన్లకు పెడితే ఒకే మనిషి వరసగా కుమ్మరించడం తగ్గుతుంది.

తర్వాత యూట్యూబ్ స్టూడియో సెట్టింగ్స్‌లో కమ్యూనిటీ విభాగం తెరిచి 'బ్లాక్డ్ వర్డ్స్' నింపండి. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే తెలుగు తిట్ల విషయంలో యూట్యూబ్ సొంత వడపోతను నమ్ముకోవద్దు. ఒకే తిట్టులో దీర్ఘానికి ఒకరు రెండు 'ఏ'లు కొడతారు, ఇంకొకరు ఒకటే. మరొకరు 'ఓ' బదులు సున్నా పెడతారు. ఏ రూపానికా రూపం విడిగా చేర్చాల్సిందే. పాత చాట్‌లు తిరగేసి ఈ జాబితా తయారుచేసే పని నమ్మకమైన స్నేహితురాలికి అప్పజెప్పి, ఆమెనే మోడరేటర్‌గా పెట్టండి. ఆట మీద కళ్లున్నప్పుడు చాట్‌కు కాపలా కాయడం మీవల్ల కాదు. మీ ఇంటిపేరు, కాలేజీ పేరు కూడా ఆ జాబితాలో వేసుకోండి. ఎవరైనా చాట్‌లో పెట్టబోతే అక్కడే ఆగిపోతాయి.

ప్రశ్న: నా లైవ్ చూస్తూ ఇద్దరు ప్రతిసారీ నా మ్యాచ్‌లోకే వచ్చి వెంటపడుతున్నారు. ఆపేదెలా?

లైవ్ ప్రసారానికి వాడే ఓబీఎస్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, 'స్ట్రీమ్ డిలే'. టిక్ పెట్టి 60 సెకన్లు ఇవ్వండి. వాళ్లు చూసేది నిమిషం పాతదవుతుంది కాబట్టి మీరు ఎప్పుడు మ్యాచ్ వెతుకుతున్నారో, మ్యాప్‌లో ఎక్కడున్నారో పసిగట్టడం కష్టం. చాట్‌కు మీ జవాబు కూడా అంతే ఆలస్యంగా చేరుతుంది, ఓర్చుకోవాలి.

ఈ డిలేకు చాలామంది పట్టించుకోని లాభం ఇంకొకటుంది. పొరపాటున ఫోన్ నంబరో మెయిలో తెరమీద కనబడితే, ఆ నిమిషం లోపు ఆపే బటన్ దగ్గర 'డిస్కార్డ్ డిలే' (discard, అంటే పారేయడం) అన్నదాన్ని ఎంచుకోండి. ఇంకా వెళ్లని భాగం వెళ్లకుండానే పోతుంది. మామూలు స్టాప్ నొక్కితే మాత్రం మిగిలిన నిమిషమంతా ప్రసారమయ్యాకే ఆగుతుంది! ఓబీఎస్‌లోనే రికార్డింగ్ కూడా పెట్టి ఉంటే ఆ ఫైల్‌లో ఆ దృశ్యం ఉండిపోతుంది, అప్‌లోడ్‌కు ముందు కత్తిరించండి.

అసలు అలాంటివి తెరమీదికి రాకుండా 'డిస్‌ప్లే క్యాప్చర్' మానేసి ఆటను మాత్రమే చూపే 'గేమ్ క్యాప్చర్' వాడండి. మొదటిది తెరమీద వచ్చే ప్రతి నోటిఫికేషన్‌నూ జనానికి చూపిస్తుంది. డిస్కార్డ్ (Discord) చాట్ యాప్ వాడుతుంటే, అందులో మీ వ్యక్తిగత వివరాలు దాచే స్ట్రీమర్ మోడ్ కూడా ఆన్ చేసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. లైవ్ పెడతానంటోంది. కుదురుతుందా?

ఒంటరిగా కుదరదు. 2025 జులై 22 నుంచి యూట్యూబ్‌లో లైవ్‌కు కనీస వయసు 16. అంతకుముందు 13 ఉండేది. 16 ఏళ్లలోపు వాళ్లు లైవ్‌లో ఉండాలంటే పక్కన పెద్దవాళ్లెవరో ఒకరు కనబడుతూ ఉండాలి. ఆడింది రికార్డు చేసి, మీరు ఒకసారి చూశాక అప్‌లోడ్ చేయనివ్వండి. యూనిఫాం, కిటికీలోంచి కనబడే వీధి బోర్డు ఏమైనా పడ్డాయేమో గమనించండి.