మందు పడలేదా, మోతాదు ఎక్కువైందా?

ప్రశ్న: నా వయసు 23. మాది పొదలకూరు దగ్గర పల్లె. రోజూ బస్సులో నెల్లూరు వెళ్లి బట్టల దుకాణంలో పని చేస్తాను. బుగ్గల మీద, గడ్డం మీద మొటిమలు. మందుల దుకాణంలో ఇచ్చిన బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ రాసుకుని పడుకుంటే తెల్లారేసరికి ముఖం మండిపోయింది, పొట్టు లేచింది. అడపాలిన్ అనే మరో మొటిమల పూతమందుతోనూ అంతే. విసిగిపోయి అవ్వ చెప్పినట్టు నిమ్మరసం రాస్తుంటే మచ్చలు మొదలయ్యాయి. మొన్న పక్కింటి వదిన ఏదో క్రీము ఇచ్చింది. రెండు రోజులకే ముఖం నున్నబడింది. అదే వాడుకోనా? నాకు ఏ మందూ పడదా?

జవాబు: ముందు ఆ నిమ్మకాయలను పులిహోరకు పంపించండి. నిమ్మతోటల మధ్య పెరిగిన మీ అవ్వకు నా మాట రుచించదు, అయినా తప్పదు. ఆ పులుపు చర్మం పైపొరను దెబ్బతీస్తుంది. పైగా నిమ్మలో, ముఖ్యంగా తొక్కలో, ఎండ తగలగానే చర్మాన్ని కమిలించే పదార్థాలున్నాయి. అది పూసుకుని నెల్లూరు ఎండలో బస్సు కోసం నిలబడితే మచ్చలు రాక ఏమవుతుంది?

వదిన క్రీము ట్యూబు మీద క్లోబెటాసాల్, బీటామెథసోన్, మోమెటాసోన్ అనే పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే అది స్టెరాయిడ్. ఎరుపును, వాపును అణచివేస్తుంది కాబట్టి రెండు రోజుల్లో నున్నబడుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, సన్నని రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మానగానే మొటిమలు రెట్టింపవుతాయి. ఇలాంటి పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. చీటీ అడగని దుకాణాలు మీ దారిలోనూ ఉంటాయి, అది వేరే బాధ. మీరు వాడింది కొద్ది రోజులే కాబట్టి ఇక ఆపేయండి.

ఇక అసలు సంగతి. మందు రాసిన చోట మంట, పొడిబారడం, పొట్టు లేవడం చాలావరకు అలర్జీ కాదు, మోతాదు ఎక్కువైనందుకు చర్మం చేసే ఫిర్యాదు. విపరీతమైన దురద, నీటి పొక్కులు, కనురెప్పల వాపు, ఒళ్లంతా దద్దుర్లు వస్తే అలర్జీ అనుకోవాలి. అప్పుడు ఆ మందు జోలికి మళ్లీ పోకూడదు. పెదవులు వాచినా, ఊపిరి అందకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మీరు రాసిన లక్షణాలు మొదటి రకంవే.

అందుకని ముఖానికి రెండు మూడు వారాలు విశ్రాంతి ఇవ్వండి. గాఢత లేని ఫేస్‌వాష్, సువాసన లేని మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్, అంతే. మంట తగ్గాక 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ తీసుకోండి. మొటిమల మీద అది 10 శాతం జెల్‌కు పెద్దగా తీసిపోదు, మంట మాత్రం తక్కువ. ముందు దవడ కింద కొద్దిచోట కొన్ని రోజులు రాసి చూసి, తర్వాత ముఖానికి పూసి 5 నిమిషాల్లో కడిగేయండి. ఓర్చుకుంటే వ్యవధి మెల్లగా పెంచండి. అన్నట్టు, ఇది బట్టల రంగు తినేస్తుంది. చేతులు బాగా కడగకుండా దుకాణంలో చీరలు మడతపెట్టకండి!

అదీ సరిపడకపోతే మీలాంటివారికి నేను ఎక్కువగా రాసేది అజెలాయిక్ యాసిడ్ అనే పూతమందు. మొదట్లో కాస్త చురుక్కుమన్నా, మొటిమలతోపాటు మచ్చలనూ తగ్గిస్తుంది. అడపాలిన్‌కు తిరిగి వెళ్లాలనుకుంటే, మాయిశ్చరైజర్ రాసిన తర్వాత, ముఖమంతటికీ బఠాణీ గింజంత, వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టండి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు దాన్ని వాడకూడదు. ఏదైనా ఒక్కొక్కటిగానే వాడాలి, ఫలితం చూడటానికి 8 నుంచి 12 వారాలు ఆగాలి.

నెలసరి కూడా తప్పుతుంటే, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే హార్మోన్ల పరీక్ష అవసరం. చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, వదిన ఇచ్చినదీ మరచిపోకుండా.