రేడియో పెట్టే ముందు డబ్బు సంగతి, ఓటు సంగతి

అమ్మలూ,

మీరంతా కలిసి రేడియో స్టేషన్ పెడుతున్నారని తెలిసి చాలా సంతోషం. లైసెన్సు, టవర్, స్టూడియో అన్నీ వివరంగా అడిగావు గానీ డబ్బు గురించి మాత్రం ఒక్క ముక్క రాశావు, "ఒక మంచి స్పాన్సర్ దొరికితే చాలు పెదనాన్నా" అని. నాకు టెన్షన్ పట్టుకుంది అక్కడే.

ఒక్కరి మీద ఆధారపడొద్దు. ఆ ఒక్కరు ఎంత మంచివాళ్లయినా సరే. నేను పనిచేసినచోట ఒక ఫ్యాక్టరీ వదిలే మురుగునీటి మీద కార్యక్రమం తయారైంది. ఆ కంపెనీ నుంచి ఫోన్ రాలేదు, ఎవరూ బెదిరించలేదు. మా ప్రకటనల విభాగం కుర్రాడే వచ్చి న్యూస్ డెస్క్ పక్కన నిలబడి, "ఇది ఈ వారమే వెయ్యాలా సార్?" అన్నాడు. అంతే. ఆ వారం వెయ్యలేదు, ఆ తర్వాతా వెయ్యలేదు. అందుకని ఎవరి దగ్గరా ఏడాది ఖర్చులో పదోవంతుకు మించి తీసుకోకూడదని మొదటి రోజే కాగితం మీద పెట్టండి.

మరి ఎవరిస్తారంటావా? వినేవాళ్లే. అమెరికాలో బర్క్‌లీలో లూయిస్ హిల్, ఆయన మిత్రులు 1949లో కేపీఎఫ్ఏ అనే స్టేషన్‌ను ప్రకటనలు లేకుండా శ్రోతల చందాతో మొదలుపెట్టారు. వినేవాళ్లలో వందకు ఇద్దరు కడితే చాలు, నడుస్తుందని ఆయన లెక్క. 1950లో డబ్బు చాలక ప్రసారం ఆగింది, శ్రోతలే పోగుచేసి ఇస్తే 1951లో మళ్లీ మొదలైంది. బొలీవియాలో గని కార్మికులైతే తమ కూలిలోంచి కొంత తీసి యూనియన్ రేడియోలు నడిపారు, సైన్యం వచ్చి పగలగొట్టినా మళ్లీ నిలబెట్టుకున్నారు.

వందకు ఇద్దరే కడుతుంటే మిగతావాళ్లకు ఊరికే ఎందుకు వినిపించాలని మీలో ఎవరో ఒకరు అంటారు, చూడు. పదిమంది విన్నా పదివేలమంది విన్నా ట్రాన్స్‌మిటర్‌కు అయ్యే కరెంటు అంతే కదా, కట్టనివాళ్లను ఆపితే మీకు మిగిలేది ఏమీ లేదు, పైగా రేపు కట్టబోయేవాళ్లను కూడా పోగొట్టుకుంటారు.

అడగడం మాత్రం సరిగ్గా అడగండి. "మమ్మల్ని ఆదుకోండి" అని దీనంగా వద్దు. ఈ నెల టవర్ అద్దె ఇంత, కరెంటు ఇంత, వార్తలు రాసే ఇద్దరి జీతాలు ఇంత, వచ్చింది ఇంత, ఇంకా ఇంత తగ్గింది అని మైకులో అంకెలు చదవండి, అదీ ప్రతి నెలా. ఒకేసారి వచ్చే పెద్ద మొత్తం కన్నా నెలనెలా వచ్చే చిన్న మొత్తమే మేలు, జీతాలు ఇవ్వాల్సింది నెలకే కదా. జీతాలంటే గుర్తొచ్చింది, వార్తల పని ఎప్పటికీ ఊరికే చేయించుకోవద్దు, ఎంత ఉత్సాహం ఉన్నవాళ్లైనా ఏదో ఒక రోజు అలిసిపోయి వెళ్లిపోతారు.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇది. చందా కట్టినవాళ్లకు ఓటు ఉండాలి. అదే కేపీఎఫ్ఏలో 1999లో యాజమాన్య బోర్డుకూ స్టేషన్‌కూ గొడవ ముదిరి సిబ్బందిని బయట ఉంచి తాళం వేశారు. ఏళ్ల తరబడి చందా కట్టిన శ్రోతలు వేలమంది వీధుల్లోకి రావాల్సి వచ్చింది, ఎందుకంటే డబ్బు వాళ్లదైనా బోర్డును మార్చే హక్కు వాళ్లకు లేదు. ఆ తర్వాత నిబంధనలు మార్చి, శ్రోతలూ సిబ్బందీ ఓటేసి స్థానిక బోర్డులను ఎన్నుకునేలా చేశారు. దాంతో ముఠాలు వచ్చాయి, ఎన్నికల ఖర్చు పెరిగింది, నిజమే. అయినా నేను ఓటు వైపే ఉంటాను. ఎంత ఇచ్చినా ఒకరికి ఒకటే ఓటు, డబ్బు ఇవ్వలేనివాళ్లు నెలకు కొన్ని గంటలు పనిచేస్తే వాళ్లకూ ఓటు. ఎన్నికైన బోర్డు బడ్జెట్ చూడాలి, ఎడిటర్‌ను నియమించాలి, ఏ వార్త వెయ్యాలో మాత్రం చెప్పకూడదు.

ప్రభుత్వం డబ్బు ఇస్తానంటే వద్దనక్కర్లేదు, కానీ ఎంత ఇవ్వాలో పాలకుల ఇష్టానికి వదలకూడదు. జర్మనీలో ప్రజల రేడియో, టీవీ సంస్థల కోసం 2013 నుంచి ఇంటింటికీ ఇంత అని రుసుము కడతారు, ఎంత అవసరమో ముందు ఒక స్వతంత్ర కమిషన్ లెక్కకట్టి చెబుతుంది. నీ స్థాయిలో అంత అక్కర్లేదు గానీ, మూడేళ్లపాటు ఎంతిస్తారో ముందే ఖరారైతేనే ఒప్పుకో, ఏటేటా వెళ్లి అడుక్కునేదైతే వద్దు.

మొదటి చందా తీసుకోకముందే నిబంధనల ముసాయిదా నాకు పంపు. ఓటు గురించి, బోర్డు సభ్యులను తొలగించడం గురించి ఏం రాశారో ముందు చూస్తాను.

మీ పెదనాన్న